డ్రాఫ్ట్ వయసు వచ్చిన అబ్బాయికి పది రోజుల్లో మూడు సందేశాలు: వీటిలో ఏది నిజమైన పిలుపు?

నాగావళి (బ్రాంప్టన్)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి పదో తరగతి చదువుతూ, టొరంటో ప్రాంతంలో పదహారేళ్లలోపు ట్రిపుల్ ఏ స్థాయి (పిల్లల ఐస్ హాకీలో పై స్థాయి) జట్టులో డిఫెన్స్ ఆడుతున్నాడు. మా ఇద్దరిదీ శ్రీకాకుళం జిల్లా. స్కేట్లు కట్టుకుని నిలబడటం కూడా మాకు రాదు కనుక, ఈ ఆట వెనుక నడిచే వ్యవహారమంతా మాకు కొత్త. గత పది రోజుల్లో మాకు మూడు సందేశాలు వచ్చాయి.

మొదటిది ఒంటారియో హాకీ లీగ్ జట్టు స్కౌట్ (ఆటగాళ్లను వెతికి చూసే మనిషి) ఒకరు కోచ్ ద్వారా పంపిన ప్రశ్నావళి. అబ్బాయి ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తు, బడిలో మార్కులు అడిగి, చివర "మా జట్టు నిన్ను ఎంపిక చేస్తే వచ్చి ఆడతావా?" అని ఒక గడి పెట్టారు. రెండవది అమెరికాలోని ఒక జూనియర్ జట్టు నుంచి వచ్చిన ఈమెయిల్. మా వాడి ఆట ఒక టోర్నమెంటులో చూశామని, వచ్చే సీజన్‌కు "టెండర్" ఇస్తున్నామని, పది రోజుల్లో సంతకం చేసి పంపమని రాశారు. సీజన్ రుసుము 12,000 డాలర్లు అని నాలుగో పేరాలో ఉంది. మూడవది తనను కుటుంబ సలహాదారుగా పరిచయం చేసుకున్న ఒకాయన ఫోను. డ్రాఫ్ట్‌లో, అంటే లీగ్ జట్లు వంతుల వారీగా పిల్లల పేర్లు ఎంచుకునే రోజున, పేరు రావాలంటే తనలాంటి వారు తప్పనిసరి అని ఆయన అన్నారు.

మా వారు రెండవదే గట్టి అవకాశమని అంటున్నారు, ఎందుకంటే ఒప్పందం అన్న మాట అందులోనే ఉంది. నాకు మనసు ఒప్పడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

బో నది ఒడ్డు (కాల్గరీ)

నాగావళి గారూ, ముందుగా ఒక మాట. ఆ పది రోజుల గడువును పట్టించుకోకండి. నిజంగా మీ అబ్బాయి కావాలనుకున్న జట్టు తల్లిదండ్రులను తొందరపెట్టదు, అలాగే మొదటి ఉత్తరంలో రుసుము అడగదు. మిగతా సంగతులు తీరికగా రాస్తాను, మా పెద్దవాడు ఈ దారిలోనే నడిచాడు.

నీలిగీత (ఒంటారియో)

నేను తొమ్మిదేళ్లుగా ఒక జూనియర్ జట్టుకు ఈ ప్రాంతపు స్కౌట్‌గా పనిచేస్తున్నాను. ఏ జట్టో చెప్పను. మీరు కూడా మీ అబ్బాయి పేరు, జట్టు పేరు, చొక్కా సంఖ్య ఇక్కడ రాయకండి. వాడి గురించి నా అభిప్రాయం రింకులోనే, అంటే ఆడే మంచు మైదానంలోనే ఏర్పడాలి.

ప్రశ్నావళి అంటే ఏమిటో చెబుతాను. ప్రాంతీయ స్కౌట్లలో ఎక్కువమందికి ఇది పూర్తికాలపు ఉద్యోగం కాదు. పెట్రోలు ఖర్చుకు కొంత ఇస్తారు, ఆపైన చిన్న గౌరవ వేతనం. పగలు వేరే కొలువు చేసుకుని, సాయంత్రాలు, శని ఆదివారాలు రింకుల్లో గడుపుతాం. సీజన్ మొదట్లో నా జాబితాలో వందకు పైగా పేర్లు ఉంటాయి, ప్రశ్నావళి వాళ్లలో చాలామందికి వెళ్తుంది. కాబట్టి ఆ కాగితం వాగ్దానం కాదు. మీ అబ్బాయి పేరు ఒక పుస్తకంలోకి ఎక్కిందని, ఇక మీదట ఎవరో వాడి కోసమే ఒక ఆటకు వచ్చే అవకాశం ఉందని మాత్రమే దాని అర్థం. మీకు వచ్చిన మూడింటిలో నేను విలువ ఇచ్చేది దానికే.

ఒంటారియో లీగ్‌లో 20 జట్లు ఉన్నాయి. ఆ ఏడాదిలో పదహారు నిండే పిల్లల నుంచి 15 రౌండ్లలో ఎంపిక జరుగుతుంది, అంటే సుమారు 300 పేర్లు. కానీ మరుసటి సీజన్‌లో ఒక్కో జట్టులో పదహారేళ్ల పిల్లలకు దొరికే చోట్లు రెండో మూడో, మహా అయితే నాలుగు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని తల్లిదండ్రులు మనసులో పెట్టుకోవాలి. పేరు పిలిచిన రోజు ఇంట్లో పండుగ చేసుకోవడం న్యాయమే. కానీ పిలిచిన జట్టుకు దక్కేది ఆ లీగ్ లోపల వాడి హక్కు మాత్రమే. వాడిని ఆడించే బాధ్యత ఆ పిలుపుతో జట్టు మీద పడదు.

కృష్ణలంక (విజయవాడ)

నేను విజయవాడ నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి కొడుకు విన్నిపెగ్‌లో ఈ ఆట ఆడుతున్నాడు, అందుకే ఈ చర్చలు చదువుతుంటాను. క్రికెట్ వేలంలాగా ఇక్కడ కూడా ఎవరు ఎక్కువ సొమ్ము పాడితే వారికి కుర్రవాడు దక్కుతాడా? పెద్ద వయసు, తప్పుగా అడిగితే మన్నించండి.

నీలిగీత (ఒంటారియో)

తప్పేమీ లేదండీ. మన వాళ్లకు వేలం బాగా తెలుసు కనుక ఈ పోలిక తెచ్చి చూస్తేనే తేడా స్పష్టమవుతుంది. వేలంలో ధర పలుకుతుంది, డ్రాఫ్ట్‌లో ధర ఉండదు. జట్లు వంతుల వారీగా పేర్లు చెబుతాయి. స్థూలంగా, పోయిన సీజన్‌లో అడుగున నిలిచిన జట్టుకు ముందు వంతు వస్తుంది. ఒక జట్టు పేరు చెప్పాక ఆ లీగ్‌లో మరో జట్టు వాడితో మాట్లాడటానికి వీల్లేదు, హక్కులు కొనుక్కోవడమో మార్పిడి చేసుకోవడమో చేస్తే తప్ప. కుర్రవాడికి జీతమంటూ ఉండదు, నెలనెలా చేతి ఖర్చుకు కొంత ఇస్తారు. వాడికి దక్కే అసలు విలువ చదువు ఖర్చు రూపంలో వస్తుంది.

మీ మనవడు విన్నిపెగ్‌లో ఉన్నాడంటే వాడు పశ్చిమ లీగ్ పరిధిలోకి వస్తాడు. బ్రిటిష్ కొలంబియా, ఆల్బర్టా, సస్కాచెవాన్, మానిటోబా పిల్లలు అక్కడికి. ఒంటారియో పిల్లలు మా దగ్గరకు. క్యుబెక్, తూర్పు తీర రాష్ట్రాల పిల్లలు క్యుబెక్ లీగ్‌కు. అమెరికా రాష్ట్రాలను కూడా ఈ మూడు లీగులు పంచుకున్నాయి. ఈ మూడింటినీ కలిపి కెనడియన్ హాకీ లీగ్ అంటారు, మేజర్ జూనియర్ అంటే ఇవే. ఐరోపా పిల్లలకు విడిగా ఇంపోర్ట్ డ్రాఫ్ట్ ఉంది.

బో నది ఒడ్డు (కాల్గరీ)

పశ్చిమ లీగ్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అక్కడ ఎంపిక ఇంకా ఒక ఏడాది ముందే జరుగుతుంది. ఆ సంవత్సరంలో పదిహేను నిండే పిల్లలు, అంటే కొందరికి అప్పటికి పద్నాలుగే. గొంతు కూడా మారని పిల్లవాడు మూడేళ్ల తర్వాత ఎంత ఎత్తు ఉంటాడో అంచనా వేసి పేరు పిలుస్తారు.

మా పెద్దవాడు 2003లో పుట్టాడు. 2018 మేలో డ్రాఫ్ట్ రోజున బడికి పంపకుండా ఇంట్లోనే ఉంచాం, అది నేను చేసిన పొరపాటు. ఉదయం నుంచి వాడు సోఫా అంచున కూర్చుని ఫోనులో పేర్లు చూసుకుంటూనే ఉన్నాడు. వాడి జట్టులోని ముగ్గురి పేర్లు వచ్చాయి. జట్లు ఒక్కొక్కటిగా "ఇక చాలు" అని తప్పుకున్నాక వాడు ఫోను బోర్లించి, బూట్లు వేసుకుని, ఇంటి వెనక షెడ్డులో పక్‌లు (ఆటలో కొట్టే రబ్బరు బిళ్లలు) కొట్టుకోవడానికి వెళ్లిపోయాడు. చీకటి పడేదాకా ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, పశ్చిమ లీగ్‌లో ప్రతి జట్టుకూ 50 పేర్ల రక్షిత జాబితా ఉంటుంది. డ్రాఫ్ట్‌లో పేరు రాని పిల్లవాడిని ఆ తర్వాత ఎప్పుడైనా ఆ జాబితాలో చేర్చుకోవచ్చు. మా వాడిని అక్టోబరులో ఒక జట్టు అలా చేర్చుకుంది. మాకు ఫోను చేసి మర్యాదగానే చెప్పారు. కానీ చేర్చడం ఎంత తేలికో తీసేయడమూ అంతే తేలిక. మరో కుర్రవాడికి చోటు కావలసివస్తే ఒక పేరు కొట్టేయాలి. 2019 సెప్టెంబరులో శిక్షణ క్యాంపుకు వెళ్లి వచ్చిన మూడు వారాలకు మా వాడి పేరు కొట్టేశారు. ఆ విషయం మాకు ఎవరూ ఫోను చేసి చెప్పలేదు, వాడి స్నేహితుడు లీగ్ వెబ్‌సైటులో చూసి చెప్పాడు. జాబితాలో చేర్చినప్పుడు చేసిన ఫోను, తీసేసినప్పుడు కూడా చేసి ఉండవలసింది. ఇప్పటికీ నాకు ఆ బాధ ఉంది.

తర్వాత వాడు ఆల్బర్టా జూనియర్ లీగ్‌లో ఆడాడు. అక్కడ డ్రాఫ్ట్ లేదు. కోచ్ వచ్చి చూసి, ఇంటికి వచ్చి మా ఆవిడ చేతి కాఫీ తాగి, "మీ వాడు నాకు మూడో వరుసలో ఎడమ వైపు కావాలి, పెనాల్టీ వల్ల మన ఆటగాళ్లు తగ్గినప్పుడు గోలు కాచే పని వాడిదే" అని చెప్పి కార్డు మీద సంతకం పెట్టించుకున్నాడు. ఏ పనికి కావాలో చెప్పగలిగినవాడే నిజంగా కోరుకున్నవాడని నాకు ఆ రోజు అర్థమైంది.

కలంకారి (మిస్సిసాగా)

నేను ఒప్పందాల చట్టంలో పనిచేస్తాను. ఇక్కడ రాసేది సాధారణ అవగాహన కోసమే, మీ కాగితాలు మీ న్యాయవాదికి చూపించండి.

ఈ చర్చలో నాలుగు వేరు వేరు విషయాలు కలిసిపోతున్నాయి. క్యాంపుకు ఆహ్వానం ఎవరినీ బంధించదు, చాలాసార్లు అది రుసుము కట్టి వెళ్లే క్యాంపే. డ్రాఫ్ట్‌లో పేరు రావడం జట్ల మధ్య ఏర్పాటు, అది కూడా మీ మీద సంతకపు బాధ్యత ఏదీ పెట్టదు. నోటి మాటగా "వస్తాం" అనడం నైతికంగా బరువైనదే తప్ప చట్టం ముందు నిలిచేది కాదు. నాలుగవది, మైనరు బాలుడి తరఫున తల్లిదండ్రులు కూడా సంతకం చేసే ఆటగాడి ఒప్పందం. అసలైన బంధం అక్కడే మొదలవుతుంది.

ఒంటారియో లీగ్ దాన్ని "స్కాలర్‌షిప్, డెవలప్‌మెంట్ ఒప్పందం" అంటుంది. అందులో చూడవలసిన మొదటి అంశం చదువు. పశ్చిమ లీగ్‌లో ఆడిన ఒక్కో సీజన్‌కు ఒక విద్యా సంవత్సరపు ఫీజు, పుస్తకాలు, తప్పనిసరి రుసుములు ఇస్తారు. 1993 నుంచి ఆ పద్ధతి ఉంది. ఒంటారియోలో కుటుంబం అడిగి రాయించుకున్న దాన్ని బట్టి కొన్ని అంశాలు మారతాయి. అందువల్ల "అందరికీ ఇంతే" అన్న మాట వినగానే సంతకం చేయకండి. జూనియర్ ఆట ముగిశాక ఎన్ని నెలల్లో చదువులో చేరాలి? వృత్తి లీగ్‌లో సంతకం చేస్తే ఆ సొమ్ము ఎప్పుడు రద్దవుతుంది? ఒక జట్టు నుంచి మరో జట్టుకు మార్చితే ఆ హామీని ఎవరు మోస్తారు? ఈ మూడింటికీ జవాబు కాగితం మీదే ఉండాలి. స్కౌట్ మంచివాడే కావచ్చు, కానీ మూడేళ్ల తర్వాత ఆయన ఆ జట్టులో ఉండకపోవచ్చు.

రెండవది మార్పిడి. జనవరి గడువుకు ముందు కుర్రవాళ్లు ఒక ఊరి నుంచి మరో ఊరికి మారిపోతారు. బడి మధ్యలో మారాలి, ఇల్లు మారాలి. పదిహేడేళ్ల వాడికి అది చిన్న సంగతి కాదు.

పంచసరస్సులు (మిషిగన్)

"టెండర్" గురించి నేను చెప్పాలి, ఎందుకంటే ఆ మాట అమెరికా వైపుది. ఆ మాటకు రెండు విలువలు ఉన్నాయి.

అమెరికాలో అగ్రస్థాయి జూనియర్ లీగ్ యూఎస్‌హెచ్‌ఎల్. అక్కడ ఆటగాడి దగ్గర రుసుము తీసుకోరు. డ్రాఫ్ట్‌కు ముందే ఒక పిల్లవాడికి టెండర్ ఇవ్వాలంటే జట్టు తన మొదటి రౌండు ఎంపికను వదులుకోవాలి, పైగా వాడిని సగానికి మించిన ఆటల్లో ఆడించాలన్న నియమం ఉంది. అంటే ఆ టెండర్‌కు జట్టు తన చేతి నుంచి ఖరీదు చెల్లిస్తోంది. దాని కింది మెట్టు ఎన్‌ఏహెచ్‌ఎల్, అక్కడా జట్టులో చేరిన పిల్లల నుంచి సీజన్ రుసుము ఉండదు. టెండర్ సంతకం ఆ లీగ్ లోపల మాత్రమే పట్టి ఉంచుతుంది.

ఇంకా కింద, తల్లిదండ్రులు కట్టే సొమ్ముతో నడిచే లీగులు ఉన్నాయి. వాళ్లు వాడేదీ అదే మాట. అక్కడ జట్టుకు పోయేదేమీ లేదు, వచ్చేది మీ 12,000 డాలర్లు. అక్కడ ఆడినవాళ్లంతా మోసపోయారని నేను అనను. ఇంటి దగ్గర చోటు దొరకని పద్దెనిమిదేళ్ల వాడికి మరో ఏడాది ఆడుకునే వీలు అక్కడ ఉంది. కానీ ట్రిపుల్ ఏలో ఆడుతున్న పదిహేనేళ్ల పిల్లవాడు ఇల్లు వదిలి, డబ్బు కట్టి అక్కడికి వెళ్లవలసిన పని లేదు. వాడిని చూసే కళ్లన్నీ ఇప్పుడు వాడు ఆడుతున్న రింకుల్లోనే ఉన్నాయి.

నాగావళి (బ్రాంప్టన్)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మా వారితో ఈ పేజీ చదివించాను. ఆయన మరో ప్రశ్న అడగమన్నారు. ఒంటారియో లీగ్‌లో అడుగుపెడితే అమెరికా విశ్వవిద్యాలయాల తలుపులు మూసుకుపోతాయని మా ఆఫీసులో ఒక పెద్దమనిషి చెప్పారు. నిజమేనా?

పంచసరస్సులు (మిషిగన్)

మొన్నటి దాకా నిజం, ఇప్పుడు కాదు. కెనడా మేజర్ జూనియర్ లీగులను వృత్తి ఆటగా లెక్కగట్టి, అక్కడ ఆడినవాడిని అమెరికా కళాశాల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ తీసుకునేది కాదు. పదహారేళ్ల వయసులో విండ్సర్ జట్టు తరఫున రెండు సన్నాహక ఆటలు ఆడినందుకు అర్హత కోల్పోయిన రైలన్ మాస్టర్సన్ అనే ఆటగాడి పేరున 2024 ఆగస్టులో బఫలో కోర్టులో దావా పడింది. ఆ నవంబరు 7న ఎన్‌సీఏఏ మండలి నియమం మార్చింది. 2025 ఆగస్టు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అవసరమైన ఖర్చులకు మించి సొమ్ము తీసుకోని ఆటగాడికి ఇప్పుడు అర్హత ఉంది. ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి అగ్రస్థాయి వృత్తి లీగ్) ఒప్పందం మీద సంతకం చేసినవాడికి మాత్రం లేదు.

ఈ మార్పు మాటల్లో మిగిలిపోలేదు. యూకాన్‌లోని వైట్‌హార్స్ కుర్రవాడు గావిన్ మెకెన్నా 2022 పశ్చిమ లీగ్ డ్రాఫ్ట్‌లో మొదటి పేరు. మెడిసిన్ హాట్ జట్టుకు ఆడి, 2025 జులైలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్తున్నట్టు ప్రకటించాడు. రెండేళ్ల ముందు ఇలాంటిది ఊహకు కూడా అందేది కాదు.

బో నది ఒడ్డు (కాల్గరీ)

మా వాడి రోజుల్లో "48 గంటల నియమం" ఉండేది. జట్టు ఖర్చు మీద క్యాంపులో 48 గంటలకు మించి ఉండకూడదు, సన్నాహక ఆటలో మంచు మీద కాలు పెట్టకూడదు. మేము హోటలు రసీదుల మీద గంటలు రాసి దాచుకున్నాం. మూడో రోజు గది అద్దె, భోజనం సొమ్ము మేమే కట్టాం. ఇప్పటి పిల్లలకు ఆ భయం లేకపోవడం నిజంగా మంచిది.

అయితే ఒక సంగతిలో మీతో విభేదిస్తాను, పంచసరస్సులు గారూ. తలుపు తెరుచుకుంది కనుక అందరూ మేజర్ జూనియర్‌కే వెళ్లాలన్న గాలి వీస్తోంది. ఇరవై నాలుగు మందిలో చివరి వరుసలో కూర్చుని పదహారేళ్లవాడు ఏం నేర్చుకుంటాడు? జూనియర్ ఏలో, అంటే మా వాడు ఆడిన ఆల్బర్టా లీగ్ లాంటి కింది మెట్టులో, ఆటకు ఇరవై నిమిషాలు ఆడినవాడు రెండేళ్లలో వాణ్ని దాటిపోవచ్చు.

పంచసరస్సులు (మిషిగన్)

మీ మాట కాదనను. కానీ లెక్క మరో వైపు నుంచి కూడా చూడండి. ఇప్పుడు కళాశాలలు మేజర్ జూనియర్ నుంచి ఇరవై ఏళ్ల, ఇరవై ఒక్క ఏళ్ల ఆటగాళ్లను తీసుకుంటున్నాయి. ఇంతకుముందు అవే చోట్లు జూనియర్ ఏ పిల్లలకు వచ్చేవి. చిన్న లీగ్‌లో ఎక్కువ నిమిషాలు ఆడటం మంచిదే, కానీ కళాశాల కోచ్ ఏ రింకుకు వస్తాడన్నది కూడా చూడాలి. నా అభిప్రాయం ఇప్పటికీ అదే. మంచి వరుసలో చోటు దొరుకుతుందని నమ్మకం ఉంటే పెద్ద లీగే మేలు.

కళాశాలల సంగతి వచ్చింది కనుక మరొకటి. పదో తరగతిలో జనవరి 1 దాకా అక్కడి కోచ్‌లు మీ అబ్బాయితో సంప్రదింపులు జరపకూడదు. పదకొండో తరగతికి ముందు ఆగస్టు 1 దాకా నోటి మాటగా కూడా చోటు ఇస్తామని చెప్పకూడదు. ఈలోగా ఎవరైనా "ఫలానా విశ్వవిద్యాలయంలో చోటు మాట్లాడి పెట్టాను" అంటే ఆ మాటను నమ్మకండి. మీకు ఫోను చేసిన సలహాదారు అలాంటిదేమైనా అన్నారా?

నాగావళి (బ్రాంప్టన్)

సరిగ్గా అదే అన్నారు. రెండు విశ్వవిద్యాలయాల పేర్లు కూడా చెప్పారు.

నీలిగీత (ఒంటారియో)

అయితే మీకు జవాబు దొరికినట్టే. సలహాదారులందరినీ ఒకే గాటన కట్టకండి. మంచివారు ఉన్నారు, ఒప్పందపు మాటలు జరిగే వేళ వాళ్ల అవసరం నిజంగానే ఉంటుంది. ఎన్‌సీఏఏ నియమాల వల్ల ఏజెంట్ అన్న మాట వాడలేక "కుటుంబ సలహాదారు" అన్న పేరు పుట్టింది. వాళ్లలో చాలామంది ఇప్పుడు రుసుము తీసుకోరు, కుర్రవాడు ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళితే అప్పుడు తమ వాటా తీసుకుంటారు. కానీ డ్రాఫ్ట్‌లో పేరు రావడానికి సలహాదారు తప్పనిసరి అన్నది నిజం కాదు. నా పుస్తకంలో పేరు పక్కన సలహాదారు కోసం గడి లేదు.

ఏం చూస్తామో కూడా చెబుతాను. డిఫెన్స్ ఆటగాడైతే, మూలలోకి వెళ్లిన పక్ కోసం వెనక్కి తిరిగి పరుగెత్తేటప్పుడు వాడు ఎన్నిసార్లు భుజం మీదుగా వెనక్కి చూశాడో లెక్కపెడతాను. రెండుసార్లు చూసినవాడికి పక్ అందకముందే ఎక్కడికి పంపాలో తెలుస్తుంది. అసలు చూడనివాడు అద్దానికి గుద్దుకుంటాడు. గోలు కొట్టిన ఆట కంటే గోలు ఇచ్చేసిన తర్వాతి నిమిషం నాకు ముఖ్యం. బెంచీ మీదికి వచ్చి కర్ర విసిరాడా, తలుపు దగ్గర కూర్చున్న వాడితో మాట్లాడాడా? అందుకే నేను తల్లిదండ్రులు నిలబడే వైపు నిలబడను, బెంచీ ఎదుటి మూలన నిలబడతాను. ఆ తర్వాత వాడి కోచ్‌కు, పాత కోచ్‌కు, వీలైతే బడికి ఫోను చేస్తాను.

ఒక అన్యాయం కూడా ఒప్పుకోవాలి. ఇక్కడ వయసు జనవరి 1 నుంచి లెక్క. జనవరిలో పుట్టినవాడు, అదే ఏడు నవంబరులో పుట్టినవాడు ఒకే డ్రాఫ్ట్‌లో నిలబడతారు. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో పది నెలలంటే నాలుగు అంగుళాలు కావచ్చు. మేము జాగ్రత్త పడతామని చెప్పుకుంటాం, అయినా ప్రతి ఏటా జాబితాలో ఏడాది మొదటి నెలల పిల్లలే ఎక్కువ కనిపిస్తారు.

కృష్ణలంక (విజయవాడ)

మా వాడు డిసెంబరులో పుట్టాడు. ఈ మాట వాళ్ల అమ్మకు చెప్పాలి. బాబూ, పిల్లల మీద జట్లకు ఇంత హక్కు ఎప్పటి నుంచి ఉంది?

నీలిగీత (ఒంటారియో)

ఇప్పుడున్నది పాత పద్ధతితో పోలిస్తే చాలా మెత్తనిది, పెద్దాయనా. 1960ల దాకా ఎన్‌హెచ్‌ఎల్ జట్లే జూనియర్ జట్లను పోషించేవి. "సీ ఫారం" అని ఒక కాగితం ఉండేది, దాని మీద సంతకం పడితే పిల్లవాడి హాకీ జీవితం మొత్తం ఒక జట్టుకు కట్టుబడిపోయేది. తర్వాత గొప్ప ఆటగాడిగా పేరు పొందిన బాబీ ఓర్‌ను బోస్టన్ మనుషులు 1961లో చూశారు, 1962లో పద్నాలుగేళ్లకే సంతకం చేయించారు. ఆ తర్వాత అతను ఒషావా జూనియర్ జట్టుకు ఆడాడు. 1963లో ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదలయ్యాక ఆ పోషక పద్ధతి క్రమంగా ఆగిపోయింది.

ఎదురు తిరిగిన కుటుంబాలూ ఉన్నాయి. 1989లో ఎరిక్ లిండ్రోస్‌ను సూ సెయింట్ మేరీ జట్టు మొదటి పేరుగా పిలిచింది. ఆయన వెళ్లనన్నారు. ఆ ఏడాది చివరికి హక్కులు ఒషావాకు మారాయి.

కలంకారి (మిస్సిసాగా)

జట్లకు కూడా పగ్గాలు ఉన్నాయని చెప్పడానికి మరో ఉదాహరణ. 2012లో పశ్చిమ లీగ్ పోర్ట్‌లాండ్ జట్టుకు 2,00,000 డాలర్ల జరిమానా వేసి, కోచ్‌ను సీజన్ చివరి దాకా నిలిపివేసి, 2013 డ్రాఫ్ట్‌లో మొదటి ఐదు రౌండ్లూ, ఆపై నాలుగేళ్ల మొదటి రౌండు ఎంపికలూ తీసేసింది. నియమానికి మించి కొందరు ఆటగాళ్ల కుటుంబాలకు విమాన టికెట్లు, వేసవి శిక్షణ ఖర్చు ఇచ్చారన్నది ప్రధాన కారణం. కాబట్టి ఒప్పందంలో లేని కానుకను ఎవరైనా చాటుగా ఇవ్వజూపితే, తీసుకున్న కుటుంబం కూడా ఇబ్బందిలో పడుతుందని గుర్తుంచుకోండి.

పొగమంచు (ఎడ్మంటన్)

ఆడపిల్లల గురించి ఎవరూ రాయలేదు. మా అమ్మాయి గోలీ. అమ్మాయిలకు మేజర్ జూనియర్ లేదు, డ్రాఫ్ట్ లేదు. కళాశాల కోచ్‌లు నేరుగా టోర్నమెంటులకు వచ్చి చూస్తారు. ఆట వీడియో మనమే తీసి, మనమే ఉత్తరం రాసి పంపుకోవాలి. మా అమ్మాయి ముప్పై ఒక్క ఉత్తరాలు రాస్తే ఆరింటికి జవాబు వచ్చింది. ఉత్తరాలు తానే రాయాలని మేము పట్టుబట్టాం, అది మంచిదైంది. కోచ్ ఫోను చేసినప్పుడు తడబడకుండా మాట్లాడింది.

నాగావళి (బ్రాంప్టన్)

అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది. మా వాడి జట్టులో మన దేశపు మూలాలున్న పిల్లలు ఇద్దరే. మన పేర్లు, మన ఎత్తు చూసి పక్కన పెడతారేమోనన్న భయం మా ఇంట్లో ఉంది.

బో నది ఒడ్డు (కాల్గరీ)

ఆ భయం మాకూ ఉండేది, నాగావళి గారూ, అది ఊరికే పుట్టింది కాదు. కానీ ముందు నడిచినవాళ్లు ఉన్నారు. రాబిన్ బావా కామ్లూప్స్‌లో జూనియర్ ఆడి 1989లో వాషింగ్టన్ తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడారు. మానీ మల్హోత్రా గ్వెల్ఫ్‌లో జూనియర్ ఆడి 1998లో ఏడో పేరుగా న్యూయార్క్‌కు వెళ్లారు. సర్రేకి చెందిన అర్ష్‌దీప్ బైన్స్‌ను ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు. రెడ్ డీర్ జట్టుకు ఆడుతూ 2021-22లో 112 పాయింట్లతో పశ్చిమ లీగ్ మొత్తంలో అగ్రస్థానంలో నిలిచాడు. ఆ మార్చిలోనే వాంకూవర్ వచ్చి సంతకం చేయించుకుంది. మా వాడి గది గోడ మీద ఆ అబ్బాయి బొమ్మ ఇప్పటికీ ఉంది.

మీ వాడికి చోటు దొరికితే బిల్లెట్ ఇంట్లో, అంటే ఆ ఊరివాళ్ల ఇంట్లో ఉండాలి. సంతకానికి ముందు ఆ ఇంటికి వెళ్లి వంటగదిలో కూర్చుని మాట్లాడండి. మా వాడికి దొరికిన ఆమె మొదటి వారంలోనే మా ఆవిడకు ఫోను చేసి, పప్పు ఎలా వండాలో కాగితం మీద రాసుకుంది. ఆ ఇల్లు ఎలాంటిదన్న సంగతి ఏ ఒప్పందంలోనూ ఉండదు.

నాగావళి (బ్రాంప్టన్)

అందరికీ తెలియజేస్తున్నాను. అమెరికా జట్టుకు నిన్న ఈమెయిల్ రాశాం. మా అబ్బాయిని ఏ టోర్నమెంటులో, ఏ రోజు చూశారు, ఏ స్థానంలో ఆడించాలనుకుంటున్నారు అని రెండే ప్రశ్నలు అడిగాం. జవాబులో రుసుము వాయిదాల తేదీలు మాత్రమే ఉన్నాయి. ఇక ఆ సంగతి వదిలేశాం. సలహాదారుకు ప్రస్తుతం అవసరం లేదని మర్యాదగా చెప్పాం.

ప్రశ్నావళిని మాత్రం వాడి చేతే రాయించాం. ఆదివారం రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పెన్సిల్‌తో ముందు రాసుకుని, తర్వాత పెన్నుతో దిద్దాడు. "మా జట్టు ఎంపిక చేస్తే వస్తావా?" అన్న చోట ఏం రాయాలని నన్ను అడిగాడు. నీకు నిజమనిపించింది రాయమన్నాను. "వస్తాను. పదకొండో తరగతి ఏ బడిలో చదవాలో ముందు మా అమ్మకు చెప్పాలి" అని రాశాడు. నీ ఆటలో లోపం ఏమిటన్న ప్రశ్నకు, ఎడమ వైపు వెనక్కి తిరిగేటప్పుడు ఆలస్యమవుతుందని, భుజం మీదుగా చూడటం మరిచిపోతానని రాశాడు. వాడికి ఈ చర్చ నేను చూపించలేదు.